చెమ్మ దిగని జాడీ

ఇంగువ దగ్గర మొదలైంది గొడవ.

మృత్తికాపురం కుమ్మరివాడలో, శరభయ్య ఇంట్లో, ఆ ఉదయం కోడలు తరళ కూజాలోని నీళ్ళు ముంచుకుని ఒక గుక్క నోట్లో పోసుకుంది. మింగలేదు. పెరట్లోకి వెళ్ళి ఉమ్మేసి వచ్చింది. నీళ్ళు ఇంగువ కంపు కొడుతున్నాయి. కూజా ఉన్న గూట్లోనే, దాన్ని ఆనుకుని, అత్తగారు ఓబులమ్మ ఇంగువముద్ద దాచుకున్న పాత నెయ్యికుండ ఉంది.

“అత్తా, దీన్ని నీళ్ళ పక్కన పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాను?”

“పెడతాను. నా ఇల్లు, నా గూడు, నా ఇంగువ,” అంది ఓబులమ్మ చేతిలోని చేట దించకుండానే.

అంతటితో ఆగలేదు. మూతికి మట్టి మెత్తి, గుడ్డ కట్టి, పైన బండ పెట్టిన కుండలోంచి వాసన ఎట్లా వస్తుందని ఆవిడ నిలదీసింది. పన్నెండేళ్ళు నెయ్యి తాగిన కుండ, దాని గోడ దాటి నీటిచుక్క బయటికి రాదు, ఇక వాసనకు దారెక్కడిదని అడిగింది. లోపం కోడలి ముక్కులో ఉందని తేల్చింది. తరళ కూడా తగ్గలేదు. ఆ ఇంటి కొడుకు కేదారుడు మాంత్రికుడి కోటలో ఊపిరి లేకుండా పడి అప్పటికి నాలుగు రోజులు. అత్తాకోడళ్ళిద్దరూ ఆ ఒక్క సంగతి తప్ప మిగిలిన ప్రతిదాని గురించీ పోట్లాడుకుంటున్నారు.

చివరికి తరళ పంతం పట్టింది. ఇంగువ తీసేసి, నెయ్యికుండ నిండా నీళ్ళు పోసి పొడిబూడిద మీద కూర్చోబెట్టింది. జాము గడిచినా బూడిద తడవలేదు. ఓబులమ్మ చూశావా అన్నట్టు గడ్డం ఎగరేసింది. తరళ నీళ్ళు పారబోసి, కుండను ఎండలో ఆరనిచ్చి, ఇంగువముద్ద మళ్ళీ లోపల వేసి, మూతి చుట్టూ రెండు వేళ్ళ మందాన పచ్చిమట్టి మెత్తి, మీద కొత్త గంప బోర్లించింది. పొద్దు నడినెత్తికి వచ్చాక ఇద్దరూ వెళ్ళి గంప ఎత్తారు. గుప్పున కొట్టింది ఇంగువ. మూతి దగ్గర కాదు, కుండ పొట్ట చుట్టూ.

ఓబులమ్మ గంప తీసుకుని లోపలికి పోయింది. తరళ గెలిచినట్టు నవ్వలేదు. ఆమె కుండ వైపు చూస్తూ ఉండిపోయింది.

నీళ్ళకుండ మట్టిలో ఊకపొట్టు కలపడం కుమ్మరివాడలో పుట్టిన ప్రతి ఆడపిల్లకూ తెలిసిన పని. కుండలు కాల్చే ఆవంలో ఆ పొట్టు కాలిపోయిన చోటల్లా కంటికి కనిపించని ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీల వెంట లోపలి నీరు పైకి చెమర్చి, గాలికి ఆరుతూ మిగతా నీటిని చల్లబరుస్తుంది. నెయ్యి తాగిన కుండ చెమర్చదు. నెయ్యి ఆ ఖాళీలను పూడ్చేసిందని తరళ ఇన్నాళ్ళూ అనుకుంది. పూడ్చలేదు. వాటి అంచులకు జిడ్డు పూసి ఊరుకుంది. తామరాకు మీద నిలవని నీరు ఆ జిడ్డు దాటి ఎట్లా వెళుతుంది? వాసనకు ఆ అడ్డు లేదు. నీటికి మూసిన దారి గాలికి తెరిచే ఉంది.

ఈ చిన్న సంగతిలో కేదారుడి ప్రాణం ఉందని ఆమెకు ఆ క్షణంలోనే తెలిసింది.

లవణగిరి కోటలో కూర్చున్న శోషణుడు మనుషుల ఒంట్లోంచి ఊపిరి లాగి పట్టే మాంత్రికుడు. మొదట రాజు రత్నకేతువు ఊపిరి పట్టాడు. తరవాత సేనాపతిది, ఆ తరవాత ఎదురు మాట్లాడిన ప్రతివాడిదీ. పట్టిన ఊపిరిని దాచడానికి వాడికి మట్టిజాడీలే కావాలి. రాగిలో ఊపిరికి చిలుమెక్కుతుంది, రాతిలో గడ్డకడుతుంది, గాజులో పదిహేను రోజులకు మజ్జిగలా పులిసిపోతుంది. మట్టిలోనే అది బతికి ఉంటుంది. అయితే ఆ మట్టికి ఒక్క సన్నని సందు కూడా ఉండకూడదు. ఒకసారి ఒక ముసలి సిపాయి జాడీకి వెంట్రుకంత బీట పడితే, వాడి ఊపిరి బొట్టుబొట్టుగా ఊరి తన ఒంటిని వెతుక్కుంటూ పోయింది. ఏడోరోజున సిపాయి లేచి కోట దాటి వెళ్ళిపోయాడు. మరోసారి ఒక చెల్లెలు తెగించి అన్న జాడీ దొంగిలించి పగలగొట్టింది. ఒక్కసారిగా చిమ్మిన ఊపిరిని గాలి ఎత్తుకుపోయింది. అన్న ఇక లేవలేదు.

నలభై జాడీలు నిండాయి. నలభై ఒకటోది చెయ్యనన్నందుకే కేదారుడి ఊపిరి పట్టి గాజుబుడ్డిలో పోశాడు శోషణుడు. ఆ జాడీ నీ చేత్తోనే చెయ్యమని తండ్రి శరభయ్యకు కబురంపాడు. చెమ్మ దిగని జాడీ తెస్తే రాబోయే గ్రహణం విడిచాక కొడుకును ఇంటికి పంపుతాడట. చెమ్మ దిగితే కుమ్మరివాడ మొత్తం ఊపిరి లేకుండా పడుకుంటుందట. శరభయ్య ఆ మాట నమ్మాడు. పంపుతానన్న మాటే నలభై ఇళ్ళకూ ఏదో ఒక గడువు పెట్టి చెప్పాడనీ, ఏ ఇంటికీ ఎవరూ తిరిగి రాలేదనీ తరళ చెప్పబోతే కసిరి నోరు మూయించాడు. గ్రహణపు వేళ శోషణుడు నలభై ఒక్క ఊపిరులూ తానే తాగి వెయ్యేళ్ళు బతకబోతున్నాడని ఊరంతా గుసగుసలాడుతోంది. శరభయ్య చెవిన పెట్టలేదు.

ఆ సాయంత్రం ఆయన చెరువుమన్ను తెచ్చి కోడలి ముందు దించాడు.

“ఇందులో రవ్వంత నలక కనిపించినా నువ్వీ ఇంట్లో ఉండవు,” అన్నాడు.

కుమ్మరివాడ కట్టుబాటు ప్రకారం కుండలు చేసే చక్రం, సారె, మగవాడిది. మట్టి తొక్కడం, కలపడం, కాలిన జాడీకి వేడి మీద లోపల లక్క పూయడం ఆడదాని పని. సారె మీదికి ముద్ద వచ్చేదాకా మగవాడు అటు చూడడు, పూత వేసేటప్పుడు ఇటు తిరగడు. తరళ మట్టిలో కలపడానికి ఊకపొట్టును పిండిలా దంచింది. దంచుతుంటే ఓబులమ్మ వచ్చి వెనక నిలబడింది.  పొట్టును వేళ్ళ మధ్య నలిపి చూసి, సన్నజల్లెడ తెచ్చి కోడలి పక్కన పడేసింది.

“ముతకగా ఉంది. ఇంకో వాయి జల్లించు.”

పదోరోజుకు జాడీ ఆవం నుంచి దిగింది. లక్కకు బదులు తరళ దానికి ఆముదంలో కరిగించిన మైనం సందులు పూడకుండా పల్చగా పట్టించింది. నిమ్మపండులా నున్నగా మెరిసే ఆ జాడీని శరభయ్య వేలికణుపుతో కొట్టి చెవి పెట్టాడు. అది ఖంగుమంది. ఆయన మొహం వెలిగింది. తన జన్మలో ఇంత మంచి జాడీ చెయ్యలేదన్నాడు.

కావడి మొయ్యడానికి మాత్రం ఊళ్ళో ఒక్కడు రాలేదు. ఆడవాళ్ళకు లవణగిరిలో ప్రవేశం లేదు. తరళ మొగుడి పంచె బిగించి, తలపాగా చుట్టి, మసితో మీసం గీసుకుని వాకిట్లోకి వచ్చింది. శరభయ్య ఎగాదిగా చూసి, నోరు తెరిస్తే అక్కడే వదిలేసి వస్తానని హెచ్చరించి ముందు నడిచాడు. ఓబులమ్మ చద్దిమూట కావడికి కట్టి, దారంతా తిట్టుకోకుండా వెళ్ళమని ఇద్దరినీ తిట్టి పంపింది.

లవణగిరి చుట్టూ నాలుగు క్రోసుల చౌడునేల. పైకి గచ్చు చేసినట్టు తెల్లగా, ఎండకు కళ్ళు చెదిరేలా మెరుస్తుంది. లోపలంతా తేనెపట్టే. కిందినుంచి ఎగబాకిన ఉప్పునీరు ఆరుతూ పొర మీద పొర కట్టింది. ఆ పొర కింద ఒకచోట నేల ఉంటుంది, పక్క అడుగులో ఏమీ ఉండదు. ఆ అంచున వాళ్ళ కోసం గుర్రం మీద కాచుకుని ఉన్నాడు కోట బంటు కరాళుడు. వాడి నడుముకు వేలాడే ముద్ర చూపిస్తేగాని కోట తలుపు తెరుచుకోదు.

శరభయ్య కర్రతో నేల మీద కొట్టి, చప్పుడు విని, అడుగు వేస్తున్నాడు. బోలుగా మోగితే పక్కకు తప్పుకుంటున్నాడు. కరాళుడు విరగబడి నవ్వాడు.

“కుండల్ని కొట్టే బుద్ధి నేల మీద కూడానా ముసలోడా? ఇట్లా నడిస్తే నీ కొడుక్కి తద్దినం నాటికి చేరతాం.”

గుర్రాన్ని అదిలించి వాడు తిన్నగా ముందుకు ఉరికాడు. ఇరవై అడుగులు కూడా పోలేదు. అప్పడం విరిగినట్టు నేల విరిగింది. గుర్రం గుంజుకుని పైకి దూకింది. కరాళుడు వెనక్కి జారి రొమ్ముదాకా బురదలో దిగబడ్డాడు. దిగబడినవాడి కోసమే ఆ ఆకాశంలో తిరుగుతుంటాయి ఇనుపముక్కు రాబందులు. నాలుగు ఒక్కసారిగా రెక్కలు ముడిచి రాళ్ళలా పడ్డాయి. రెండు కరాళుడి తల మీదికి, రెండు కావడి మీదికి. తరళ జాడీ మీద బోర్లా పడింది. ఒక ముక్కు ఆమె భుజం చీల్చింది. ఆమె చౌడుపొడి గుప్పెడు తీసి దాని కళ్ళల్లో కొట్టింది. శరభయ్య కర్ర గిరగిర తిప్పి మిగిలినవాటిని చెదరగొట్టాడు.

కరాళుడు గడ్డందాకా దిగాడు. వాడిని అట్లాగే వదిలేస్తే బాగుండునని తరళకు అనిపించింది. ముద్ర వాడి నడుముకుంది. ఆమె కావడిబద్ద అడ్డంగా వేసి, పొట్ట మీద పాకి, వాడి జుట్టు పట్టి లాగింది. మామాకోడళ్ళు గుంజి బయట పడేశాక కరాళుడు మూతి తుడుచుకుని, తనను జుట్టు పట్టి లాగిన సంగతి కోటలో ఎవడికైనా తెలిస్తే నాలుక కోస్తానన్నాడు. అక్కడినుంచి శరభయ్య కర్ర వెనకే నడిచాడు.

లవణగిరి కోట దూరానికి మంచుకొండలా ఉంది. దగ్గరికి పోతే ప్రతి బురుజూ ఉప్పుపలకలు పేర్చి, వాటి మధ్య ఎర్రటి ఇసుకరాయి పొదిగి కట్టినదే. తోరణాలకు ఆకుల బదులు ఉప్పుముత్యాల దండలు వేలాడుతున్నాయి. తలుపులకు తాపిన వెండిరేకుల మీద నోళ్ళు తెరిచిన మనుషుల ముఖాలు చెక్కి ఉన్నాయి. కొలువుకూటం మధ్యలో, నల్లరాతి అరుగు మీద, కుదుళ్ళలో బారులు తీరి నలభై జాడీలు. మొదటిదాని మెడకు రాజు రత్నకేతువు ముత్యాలహారం ఇంకా ఉంది. ఆ కూటంలో గాలి కదలదు. దీపపు వత్తులు నిటారుగా కాలుతున్నాయి.

శోషణుడు ఎండిన వంకాయలా ముడతలు పడి, పెదవులు పగిలి, ఎత్తైన పీట మీద కూర్చున్నాడు. జాడీని చుట్టూ తిప్పి చూసి, నిండా నీళ్ళు పోయించి, తెల్లని కొత్తగుడ్డ మీద పెట్టించాడు. ఆ నీళ్ళు అట్లా నిలిచి ఉండగానే బంగారు భరిణె తెరిచి సత్యాంజనం కళ్ళకు పెట్టుకున్నాడు. అది పెట్టుకుని చూస్తూ అడిగితే, అడిగినదాని గురించి తనకు తెలిసినదంతా కక్కేదాకా ఎదుటివాడి నోరు మూతపడదని వాడే గొప్పగా చెప్పుకున్నాడు. అయితే దాని బలం ఒక్క గడియేనని కుమ్మరివాడ దాకా తెలుసు. కళ్ళు మండిపోతాయి గనక సూర్యోదయం నుంచి సూర్యోదయానికి ఒక్కసారే పెట్టుకోగలడు.

జాడీకి ఎక్కడైనా బీట ఉందా అని శరభయ్యను అడిగాడు. ఎరగనన్నాడు శరభయ్య. సారె మీద చెయ్యి తొణికిందా అని అడిగాడు. తొణకలేదు. లోపమేదైనా తెలిసి దాచావా అని అడిగాడు. తాను చేసినవాటిలో ఇంత మంచిది లేదని, ఆ కూటంలో ఉన్నవాటిలో పదకొండు తన చేతివేనని, వాటికన్నా ఇదే మేలని, ముసలాయన చెప్పాడు. ప్రతి మాటా నిజం. వెనక తలవంచి నిలబడ్డ కావడివాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. మట్టి ఎవరు కలిపారో అడగాలని నలభై జాడీలప్పుడూ శోషణుడికి తోచలేదు, ఇప్పుడూ తోచలేదు.

గడియ గడిచింది. గుడ్డ ఎత్తి చూశారు. పొడిగా ఉంది.

నీళ్ళు ఒంపి, జాడీ ఆరబెట్టి, శోషణుడు గాజుబుడ్డిని దాని మూతికి తలకిందులుగా ఆనించి మంత్రం చదివాడు. బుడ్డిలో పాలపొంగులా తెల్లగా తిరుగుతున్నది సన్నని ధారగా జాడీలోకి దిగింది.  వేడి లక్కతో మూతి మూసి ముద్ర వేశాక, దాన్ని నలభై ఒకటో కుదురులో పెట్టమని కావడివాడికి సైగ చేశారు.

ఆమె జాగ్రత్తగా మోసుకుపోయి కుదురులో దించింది. దించి, చేతి వెనక భాగం జాడీ పొట్టకు ఒక్క క్షణం ఆనించింది.

అది ఆమె తెలిసి చేసిన పని కాదు. ఆవం నుంచి దిగిన ప్రతి కుండనూ నీళ్ళు పోశాక కుమ్మరి ఆడది అట్లాగే తాకుతుంది. చెమర్చిందీ లేనిదీ అరచేతికన్నా చేతి వెనకకు త్వరగా తెలుస్తుంది. పెళ్ళయిన నాటినుంచి కొన్ని వేల కుండల్ని ఆమె అట్లా తాకింది.

“ఆగు,” అన్నాడు శోషణుడు.

వాడు పీట దిగి వచ్చాడు.

“మగ కుమ్మరి వేలికణుపుతో కొట్టి చెవి పెడతాడు. ఇట్లా ఆనించేది మీ ఆడవాళ్ళు. నలభై ఆవాల దగ్గర నిలబడి చూసినవాణ్ణి. కరాళా, వీడి తలపాగా తీయి.”

తలపాగా ఊడింది. జడ జారింది. కరాళుడు తన జుట్టు పట్టి లాగినది ఆడదని తెలిసి కత్తి దూశాడు. శోషణుడు వాణ్ణి ఆపి అంజనం భరిణె వైపు చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ఇవాళ్టికి అది పనికిరాదు. నువ్వెవరివని అడిగాడు. జాడీలో ఉన్నవాడి పెళ్ళాన్నని, ఆఖరిచూపు కోసం వచ్చానని తరళ చెప్పింది.

“కావచ్చు. కాకపోవచ్చు. కొడితే ఇంకో అబద్ధం చెబుతావు. రేపు పొద్దు పొడవగానే కళ్ళకు కాటుక పెట్టుకుని అడుగుతాను. రేపు మధ్యాహ్నం గ్రహణం. ఈలోగా ఈ ఇంట్లో నాకు తెలియనిది ఏదీ ఉండకూడదు. ముసలివాణ్ణి కూడా అడుగుతాను, మొదటినుంచి చివరిదాకా.”

ఇద్దరినీ కింది అంతస్తు గదిలోకి నెట్టారు. విరిచిన కావడిబద్దనూ చద్దిమూటనూ వాళ్ళ మీదే విసిరారు. తలుపు మూసుకుంది. పైనున్న చిన్న కంతలోంచి పగటి వెలుగు ఒక పలకలా గోడ మీద పడుతోంది.

శరభయ్య ఆమె మొహం చూడలేదు. కొడుకు ఇంటికి వచ్చేవాడేనని, చేతులు ఊరికే ఉంచుకోలేని ఆడదాని మూలంగా అంతా నాశనమైందని, గోడకు చెప్పినట్టు చెప్పి, అటు తిరిగి కూర్చున్నాడు.  తరళ ఎదుటి గోడను చూస్తోంది. మోకాలి ఎత్తున, ఇసుకరాతి మీద, అడ్డంగా తెల్లని బూజులాంటి చార ఉంది. వేలితో గీస్తే రాయి పొడిగా రాలింది.

ఇసుకరాయి కూడా కుండ లాంటిదే, దాని ఒంటినిండా కనిపించని సందులు. పునాదిలోని ఉప్పునీరు ఆ సందుల వెంట మోకాలి ఎత్తుదాకా ఎక్కి ఆరుతుంది. నీరు పోతుంది, ఉప్పు మిగులుతుంది. ఏటేటా పెరిగిన ఆ ఉప్పు రాతిని లోపలినుంచే పగలగొడుతుంది. శోషణుడి కోట పైకి ఎంత మెరిసినా మోకాళ్ళ దగ్గర పిండిపిండిగా ఉంది.

తరళ కావడిబద్ద కొసనున్న ఇనుపకొక్కెం ఊడబీకి తవ్వడం మొదలుపెట్టింది. చీలిన భుజం నుంచి నెత్తురు మోచేతిదాకా కారింది. ఆపలేదు. మొదటి రాయి కదిలి బయటికి వచ్చినప్పుడు శరభయ్య తల తిప్పాడు. రెండోది వచ్చినప్పుడు లేచాడు. రెండో కొక్కెం అందుకున్నాడు. రాయి తీసినచోట నుంచి చల్లటి గాలి కొట్టింది. మనిషి దూరేంత కంత అయ్యాక ఇద్దరూ అవతలికి పాకారు.

అది పొడుగాటి గుహ. కప్పులోని చీలికల్లోంచి ఎండ నిలువునా దిగుతోంది. వరసగా రాతిపలకలు. వాటి మీద నలభై ఒక్కమంది, కళ్ళు మూసుకుని, ముక్కుల మీద ఉప్పుపొడి పేరుకుని. గుహ చివర కోట మురుగు పారే సొరంగం. దాని అవతలి మూతిలో తెల్లని చౌడునేల కనిపిస్తోంది. ఆఖరి పలక మీద ఉన్నాడు కేదారుడు.

తరళ పంచె అంచునుంచి ఒక నూలుపోగు లాగి అతని ముక్కు కింద పట్టుకుంది. పోగు వేలాడింది. వేలాడుతూనే ఉంది. ఆమె కళ్ళార్పలేదు. చాలాసేపటికి అది చీమ తోసినంత కదిలింది. ఆగి, మళ్ళీ కదిలింది.

శరభయ్య చూశాడు. కొడుకు రొమ్ము మీద చెవి పెట్టాడు. లేచినప్పుడు ఆయన మొహంలో సంతోషం కన్నా ముందు కోపం కనిపించింది.

“నా జాడీ కారుతోంది,” అన్నాడు. “నన్నడగకుండా నా జాడీని పాడు చేశావు.”

అడిగితే ఒప్పుకునేవాడా అని తరళ అడిగింది. ఆయన పళ్ళు నూరాడు. ఊరు మొత్తం చచ్చేదని, ఆ గుడ్డ మీద ఒక్క చుక్క దిగి ఉంటే ఏమయ్యేదో తెలుసా అని ఒక్కొక్క మాటా నమిలినట్టు అన్నాడు. అంటూనే అవతలి పలకల వైపు నడిచాడు. ఒక్కొక్కరి మొహమూ వంగి చూశాడు. తన ఆవం నుంచి దిగిన పదకొండు జాడీల్లో ఎవరెవరున్నారో ఆయనకు తెలుసు. పదకొండోవాడు ఎదురింటి పడుచువాడు. వాడి జాడీకి తరళే లక్క పూసింది, మూడు పూతలు, ఎక్కడా సందు లేకుండా. శరభయ్య వాడి ముక్కు మీది ఉప్పుపొడి వేలితో తుడిచి తిరిగి వచ్చాడు.

కేదారుణ్ణి ఎత్తుకుని సొరంగంలోంచి పోదామా అని తరళ ఆలోచించింది. కుదరదు. జాడీలో ఇంకా మూడొంతులు మిగిలే ఉంటుంది. ఊపిరి ఇక్కడికే వచ్చి వెతుక్కుంటుంది. ఒంటిని కదిలిస్తే దారి తప్పుతుంది. అంతా ఊరడానికి రేపు మధ్యాహ్నం దాకా పడుతుంది. ఈలోగా శోషణుడికి అనుమానం వచ్చి జాడీ మీద ఒక్క పూత లక్క రాస్తే చాలు.

శరభయ్య కంతలోంచి చద్దిమూట అందుకుని విప్పాడు. కేదారుడి పలక పక్కన నేల మీద పరిచాడు. ఓబులమ్మ పెరుగన్నం కలిపి, మీద నిమ్మకాయ ఊరగాయ పెట్టి ఇచ్చింది. ఇంట్లో మగవాళ్ళు తిన్నాక ఆడవాళ్ళు తినడం ఆనవాయితీ. ఆయన అన్నాన్ని రెండు భాగాలు చేసి ఒకటి కోడలి ముందుకు తోశాడు. తరళ తన భాగంలోని తేట పెరుగునీళ్ళు వేలితో తీసి కేదారుడి పెదవులకు రాసింది. పెదవులు తడిశాయి. ఇద్దరూ చెరోపక్కా కూర్చుని తిన్నారు. 

“మామా, ఆ మట్టిలో నేను కలిపింది...”

ఆయన ఎంగిలిచెయ్యి ఎత్తి ఆపాడు.

“చెప్పకు. నేను నిర్ణయించాను. నేను ఆ గదిలోకి పోయి రాళ్ళు పేర్చి వాటికి ఆనుకుని కూర్చుంటాను. నువ్వు పో. సొరంగం దాటాక ఎటు పోతావో, ఎవరిని తెస్తావో, ఏం చేస్తావో నాకు తెలియకూడదు. పొద్దున వాడు కాటుక పెట్టుకుని అడుగుతాడు. మట్టిలో ఏముందంటే తెలియదంటాను. నువ్వెక్కడంటే తెలియదంటాను.”

“వీడు ఊపిరి తీస్తున్నాడని నీకు తెలుసు గదా. జాడీ గురించి అంతా చెప్పమంటే?”

“చెబుతాను. మా తాత నా చేత మొదటిసారి సారె తిప్పించిన రోజు నుంచి మొదలుపెడతాను. ఆ చెరువుమన్ను ఏ గట్టున తవ్వానో, అక్కడ ఎన్ని రకాల మన్నుందో చెబుతాను. తెలిసినదంతా కక్కేదాకా నోరు మూతపడదని వాడే అన్నాడు. ఒక్క గడియ ఏపాటి?” శరభయ్య ఆఖరి ముద్ద నోట్లో పెట్టుకుని కొడుకు వైపు చూశాడు. “వీడి సంగతి చివర్లో చెబుతా.”

ఆయన చెయ్యి కడుక్కోలేదు. చద్దిమూటలో మూతి కట్టి ఉంచిన ఒక్క ముంత నీళ్ళు కోడలి వైపు జరిపి లేచాడు. కంతలోంచి అవతలికి పాకి, కింది రాయి సరిచేసి, దాని మీద రెండోది పెట్టాడు. పలక పక్కన తరళ లేచి నిలబడింది. మురుగుసొరంగం అవతల చౌడునేల, దాని అవతల కుమ్మరివాడ, నలభై జాడీలకు లక్క పూసిన ఆడవాళ్ళు. వేసిన పూతను ఏ సెగకు కరిగించి ఎట్లా ఊడదీయాలో వాళ్ళకు తెలుసు. ఆమె ముంత ఎత్తి నీళ్ళు తాగి, జడ ముడివేసి సొరంగంలోకి దిగింది. వెనక గోడలో ఒక్కొక్క రాయీ చోటు చూసుకుని కూర్చుంటున్న చప్పుడు వినబడుతూనే ఉంది.